గుంటల రిజిస్టర్‌లో మొదటి ఐదు వరుసలు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నె అంతటికీ ఒకే నీళ్లు, ఒకే సెగ కాబట్టి ఆ మాట నిలుస్తుంది. డేటా ఫైలు అలా ఉడకదు. పైన ఉన్న ఐదు వరుసలు ఎవరో ముందు రాశారు కాబట్టి పైన ఉన్నాయి, అంతకు మించి వాటికి ప్రత్యేకత లేదు. ఇందుకూరుపేటలోనో కొత్తపట్నంలోనో రొయ్యల గుంటల రిజిస్టర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్‌లో తెరిచి, పై వరుసలు చూపే హెడ్ కొట్టి, ఐదు వరుసలూ బాగున్నాయని వెంటనే సగటులు తీయడానికి కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ఐదు వరుసలను సరిగ్గా చదివితే కింద కనపడని వరుసల గురించి కూడా చాలా తెలుస్తుంది. చదవకపోతే అవే మోసం చేస్తాయి.

కోడ్‌లోని పేర్లు ఇక్కడ తెలుగులో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి; ట్రూ, నన్, ఇంట్64 మాటల మొదటి అక్షరం, చివర్లో వచ్చే .టీ మాత్రం పెద్దక్షరాలు.

ముందు మామూలు సంగతులు. డీఎఫ్ అంటే పాండాస్‌లో తెరిచిన పట్టికకు మనం పెట్టుకునే పేరు. డీఎఫ్.హెడ్() అంటే పై నుంచి 5 వరుసలు. బ్రాకెట్లలో 12 అని ఇస్తే 12 వస్తాయి. సున్నా ఇస్తే కాలమ్ పేర్లు మాత్రమే వస్తాయి. మైనస్ 3 ఇస్తే చివరి మూడూ వదిలేసి మిగతావన్నీ వస్తాయి, ఇది చాలామందికి తెలియదు. బ్రాకెట్లు మర్చిపోయి డీఎఫ్.హెడ్ అని వదిలేస్తే పట్టిక బదులు 'బౌండ్ మెథడ్' అని మొదలయ్యే గందరగోళం కనిపిస్తుంది. అది ఫైలు తప్పు కాదు, మీరు ఫంక్షన్‌ని పిలవలేదు, దాని పేరు చెప్పి ఆగిపోయారు. జూపిటర్ నోట్‌బుక్‌లో సెల్ చివరి లైనులో ఉంటేనే పట్టిక దానంతటదే కనిపిస్తుంది. మధ్యలో ఉంటే కనపడదు, డిస్‌ప్లే అనో ప్రింట్ అనో రాయాలి. మామూలు పైథాన్ స్క్రిప్టులో అయితే ప్రింట్ తప్పనిసరి.

ఇక అసలు విషయం. ఒకే ఫైలును రెండు రకాలుగా తెరవండి. మొదటిసారి సీఎస్వీని, అంటే విలువలను కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును, చదివే రీడ్_సీఎస్వీలో ఎన్‌రోస్=5 ఇచ్చి, అంటే ఫైలు నుంచి ఐదు వరుసలే చదివించి చూడండి. రెండోసారి ఎన్‌రోస్ తీసేసి ఫైలంతా చదివించి, తర్వాత హెడ్ కొట్టండి. కనిపించేది అవే ఐదు వరుసలు. కానీ చాలా ఫైళ్లలో ఆ రెండు పట్టికలూ ఒకేలా ఉండవు. ఆ తేడానే పట్టుకోవాలి. ఎందుకంటే కాలమ్ రకాన్ని పాండాస్ తాను చదివిన వరుసలన్నీ చూసి నిర్ణయిస్తుంది. ఐదే చదివితే ఐదింటినీ బట్టి, పదివేలు చదివితే పదివేలనూ బట్టి. అవే వరుసలు రెండుసార్లు రెండు రకాలుగా కనిపించాయంటే, కింద ఎక్కడో ఏదో ఉందన్నమాట.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఒకే గుంటకు జూన్ నెలలో రోజుకో వరుస చొప్పున రాసిన రిజిస్టర్ అనుకోండి, దాని కిందే మిగతా గుంటలవీ వరసగా ఉన్నాయి. తేదీ కాలమ్‌ను తేదీలుగా చదవమని పార్స్_డేట్స్ ఇచ్చాం. పిల్ల అంటే గుంటలో వదిలిన రొయ్య పిల్లల సంఖ్య, డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్నది, ఎన్ఏఎన్ అంటే ఖాళీ. ఎన్‌రోస్=5 తో తెరిస్తే మొదటి వరుస ఇలా వస్తుంది:

తేదీ: 2023-01-06
మండలం: ఇందుకూరుపేట
సర్వే నంబరు: 05-ఫెబ్
గుంట: 3
ఎకరాలు: 2
పిల్ల: 4,00,000
ఉదయం డీఓ: 6.1
మేత కిలోలు: 8
కౌంట్: ఎన్ఏఎన్

ఫైలంతా చదివించి హెడ్ కొడితే తేదీ 01-06-2023 అని, గుంట 3.0 అని మారిపోతాయి. మిగతావి అలాగే ఉంటాయి.

గుంట నంబరుకు చుక్క, సున్నా ఎందుకొచ్చాయి? కింద ఎక్కడో ఒక వరుసలో గుంట నంబరు రాయకుండా వదిలేశారు. మామూలు పూర్ణాంకాల కాలమ్‌లో ఖాళీని ఉంచే వీలు లేదు కాబట్టి పాండాస్ కాలమ్ మొత్తాన్ని దశాంశాల్లోకి మార్చేసింది. హెడ్‌లో కనిపించే ఆ 3.0 కింద ఉన్న ఖాళీకి ఆనవాలు. డీఎఫ్.ఇస్నా().సమ్() కొడితే ఏ కాలమ్‌లో ఎన్ని ఖాళీలో తెలుస్తుంది. రిజిస్టర్ పుస్తకం తెరిచి ఆ నంబర్లు నింపడం మొదటి మార్గం. నింపలేకపోతే కాలమ్ రకాన్ని ఐ పెద్దక్షరంతో ఇంట్64 అని ఇస్తే ఖాళీలు ఖాళీలుగానే ఉండి మిగతావి పూర్ణాంకాలుగా నిలుస్తాయి.

తేదీ సంగతి ఇంకా ముఖ్యం. మనం రోజు, నెల, ఏడాది వరసలో రాస్తాం. పాండాస్ ఏమీ చెప్పకపోతే నెలను ముందు చదువుతుంది. జూన్ 1, 2, 3, 4, 5 తేదీలను జనవరి 6, ఫిబ్రవరి 6, మార్చి 6, ఏప్రిల్ 6, మే 6 అనుకుంటుంది. ఐదు వరుసల్లో ఎక్కడా ఎర్రర్ రాదు, అన్నీ చక్కటి తేదీల్లాగే కనిపిస్తాయి. రోజువారీ రిజిస్టర్‌లో తేదీలు నెలకొకటి చొప్పున దూకుతున్నాయంటే అది ఈ తప్పే, కాస్త నిలబడి చూస్తే కంటికి దొరుకుతుంది. ఫైలంతా చదివినప్పుడు 13వ తేదీ వరుస దగ్గర చిక్కొస్తుంది. 13వ నెల లేదు. పాండాస్ 2వ వెర్షన్ నుంచి మొదటి విలువను బట్టి తేదీ రూపాన్ని ఊహించుకుని, మిగతావన్నీ అదే రూపంలో ఉంటాయని ఆశిస్తుంది. కుదరకపోతే రీడ్_సీఎస్వీ ఆ కాలమ్‌ను మార్చకుండా టెక్స్ట్‌గానే వదిలేస్తుంది. అందుకే రెండోసారి 01-06-2023 అని అలాగే కనిపించింది. అంతకుముందు వెర్షన్లలో ఇంతకన్నా ప్రమాదం. 1 నుంచి 12 వరకూ తారుమారు చేసి, 13 నుంచి సరిగ్గా చదివేవి. ఒకే నెల డేటా ఏడాదంతా చెల్లాచెదురయ్యేది. పరిష్కారం ఒక్క మాట: డేఫస్ట్=ట్రూ. ఇంకా గట్టిగా కావాలంటే టు_డేట్‌టైమ్‌లో ఫార్మాట్‌ను రోజు, నెల, నాలుగంకెల ఏడాది అని స్పష్టంగా ఇవ్వండి. అప్పుడు రూపం తప్పిన వరుస దగ్గర ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ రావడమే మంచిది.

సర్వే నంబరులో 05-ఫెబ్ ఏమిటి? అది పాండాస్ చేసిన పని కాదు. ఎక్సెల్‌లో 5-2 అని టైప్ చేస్తే తేదీ అనుకుని ఫిబ్రవరి 5గా మార్చుకుంది, సీఎస్వీగా దాచినప్పుడు పైకి కనిపించిన రూపాన్నే రాసింది. 5/2 అని కొట్టినా అంతే. అదే కాలమ్‌లో 214-3 లాంటివి తేదీ కాలేవు కాబట్టి అలాగే ఉంటాయి, అందువల్ల సగం సరిగ్గా, సగం తప్పుగా తయారవుతుంది. రకాన్ని స్ట్రింగ్ అని ఇచ్చి చదివినా పోయిన నంబరు తిరిగి రాదు. టైప్ చేయడానికి ముందే ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. ఆధార్ నంబరుదీ ఇదే గతి. 12 అంకెలుంటాయి కాబట్టి ఎక్సెల్ దాన్ని 1.23457ఈ+11 లాగా చూపిస్తుంది, సీఎస్వీలోకి కూడా అదే పోతుంది. హెడ్‌లో ఈ రూపం కనిపిస్తే ఆగిపోండి, కోడ్‌తో బాగుచేయాలని చూడకండి. మూల ఫైలు దగ్గరకు వెళ్లాల్సిందే.

పిల్ల కాలమ్‌లో 4,00,000 అని కామాలతో కనిపిస్తోందంటే అది సంఖ్య కాదు, టెక్స్ట్. నోట్‌బుక్ పట్టికలో సంఖ్యా, టెక్స్టూ రెండూ కుడివైపుకే ఆనుకుంటాయి కాబట్టి కంటితో తేడా తెలియదు. కాలమ్‌ల రకాలు చెప్పే డీఎఫ్.డీటైప్స్ చూడాలి. పాత వెర్షన్లలో ఆబ్జెక్ట్ అని, 3వ వెర్షన్‌లో ఎస్‌టీఆర్ అని వస్తుంది. అలా వదిలేసి సమ్ చేస్తే సంఖ్యల్లా కూడిక జరగదు, పక్కపక్కన అతికిస్తుంది: 4,00,0004,00,000 అని పొడుగాటి తాడు వస్తుంది. థౌజండ్స్ అనే ఆర్గ్యుమెంటుకు కామా ఇస్తే మన లక్షల పద్ధతి కామాలు కూడా తీసేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసిన సీఎస్వీ అయితే ఇంకో ఇబ్బంది ఉంది. కోట్స్ లేకుండా 4,00,000 అని రాస్తే ఆ ఒక్క సంఖ్య మూడు కాలమ్‌లుగా విడిపోతుంది. కొన్ని వరుసల్లోనే అలా ఉంటే చదివేటప్పుడు ఎర్రర్ వస్తుంది, లైను నంబరు కూడా చెబుతుంది. మొదటి వరుస నుంచీ అన్నింటిలోనూ అలాగే ఉంటే ఎర్రర్ రాదు. తేదీ, మండలం ఎడమవైపు ఇండెక్స్‌గా, అంటే వరుసల పేర్లుగా జరిగిపోయి, తేదీ అనే పేరు కింద సర్వే నంబర్లు, మండలం అనే పేరు కింద గుంట నంబర్లు కనిపిస్తాయి. హెడ్‌లో ప్రతి కాలమ్ పేరునూ దాని కింది విలువతో కలిపి ఒకసారి పైకి చదవండి. 'మండలం, 3' అని నోటితో అనగానే తప్పు దొరికిపోతుంది.

ఆ తర్వాత లెక్క సరిచూడాలి, హెడ్ కొట్టే పనిలో ఇది కూడా భాగమే. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2009 నిబంధనల్లో వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్ల పరిమితి పెట్టారు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరాకు దాదాపు 2.4 లక్షలు. పై వరుసలో 2 ఎకరాలకు 4 లక్షలు, ఎకరాకు 2 లక్షలు, నమ్మదగ్గ సంఖ్యే. అక్కడ 40,00,000 ఉంటే సున్నా ఎక్కువ పడింది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్నది కాబట్టి, కౌంట్‌ని సగటు బరువు గ్రాములతో గుణిస్తే 1000 దగ్గర రావాలి. 100 కౌంట్ అయితే 10 గ్రాములు, 50 కౌంట్ అయితే 20 గ్రాములు. రెండు కాలమ్‌లూ ఉన్న ఫైలులో ఈ గుణకారం ఒక్క లైను. 1000కి బాగా దూరంగా ఉన్న వరుసలన్నీ తిరిగి చూడాల్సినవే.

అదే వరుసలో కౌంట్ దగ్గర ఎన్ఏఎన్ ఉంది. ఐదు వరుసల్లోనూ అంతే ఉంటుంది. ఈ కాలమ్ పనికిరాదని తీసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. రిజిస్టర్‌లో మొదటి వరుసలంటే పంట మొదటి రోజులు. పిల్ల వదిలిన కొత్తల్లో వల వేసి తూకం చూసేదేమీ ఉండదు. నెల దాటాకే కౌంట్ రాయడం మొదలవుతుంది. మేత కూడా అంతే, లక్ష పిల్లకు రోజుకు రెండు కిలోల దగ్గర మొదలై పెరుగుతూ పోతుంది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, మొదట్లో 6 దగ్గర హాయిగా ఉంటుంది. రొయ్య పెరిగి, మేత పెరిగి, నీళ్లలో పాచి పెరిగాక తెల్లవారుజామున 4 కిందికి జారే రోజులు వస్తాయి. రైతు నిద్ర మానుకుని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర కాపలా కాసేది ఆ రోజుల్లోనే. మీ డేటాలో అతి విలువైన వరుసలు అవి. హెడ్ వాటిని ఎప్పటికీ చూపదు.

కాబట్టి టెయిల్ కూడా కొట్టండి. చివరి ఐదు వరుసల్లో పట్టుబడి నాటి లెక్కలుంటాయి. ఇంకొకటి కూడా ఉండొచ్చు: 'మొత్తం' అని రాసిన వరుస. ఎక్సెల్ షీటు కింద వేసిన కూడిక సీఎస్వీలోకి మామూలు వరుసలా వచ్చేస్తుంది, ఆ తర్వాత మీరు వేసే ప్రతి కూడికా రెట్టింపు అవుతుంది. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే పడతాయి. టెయిల్ ఇండెక్స్ ఆ సంఖ్య దగ్గర ఆగిందంటే ఫైలు మధ్యలో తెగిందేమో చూడాలి.

డీఎఫ్.శాంపిల్(10) ఎక్కడెక్కడివో పది వరుసలు తీస్తుంది. రాండమ్_స్టేట్‌కు ఏదో ఒక సంఖ్య ఇస్తే మళ్లీ నడిపినా అవే వరుసలు వస్తాయి, పక్కవాళ్లతో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అది అవసరం. నాకైతే వీటన్నిటికంటే గ్రూప్‌బై తర్వాత హెడ్ ఎక్కువ నచ్చుతుంది. డీఎఫ్.గ్రూప్‌బై("మండలం").హెడ్(2) అంటే ప్రతి మండలం నుంచీ మొదటి రెండు వరుసలు వస్తాయి. విడవలూరు వాళ్లు మేతను కిలోల్లో, అల్లూరు వాళ్లు బస్తాల్లో రాసి ఉంటే ఇక్కడ పక్కపక్కనే కనపడిపోతుంది. రాసిన మనిషి పేరో, ఫైలు పేరో కాలమ్‌గా ఉంటే దాని మీద గ్రూప్‌బై చేయడం ఇంకా మంచిది, ఎందుకంటే తప్పులు మండలాన్ని బట్టి కాదు, రాసే చేతిని బట్టి మారతాయి.

వరి డేటాలోనూ ఇదే కొలతల చిక్కు. నెల్లూరులో ధాన్యం లెక్క పుట్లలో నడుస్తుంది, పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు 3 పుట్లంటే 25.5 క్వింటాళ్లు. ఒకే దిగుబడి కాలమ్‌లో కొందరు 3 అని, కొందరు 25 అని రాస్తే రెండూ నిజమే. హెడ్‌లో ఐదూ 3 దగ్గరే కనిపిస్తే అనుమానం రాదు. కాలమ్‌ల సారాంశం చూపే డిస్క్రైబ్ కొట్టి మినిమమ్, మాక్సిమమ్ చూస్తే ఎనిమిది రెట్ల తేడా బయటపడుతుంది.

ఊళ్ల పేర్ల దగ్గర హెడ్ దాదాపు పనికిరాదు, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే వాల్యూ_కౌంట్స్ వాడాలి. తోటపల్లి గూడూరును ఒకరు టి.పి. గూడూరు అంటారు, ఇంకొకరు చుక్కలు లేకుండా టీపీ గూడూరు అంటారు, మూడో మనిషి వట్టి గూడూరు అని వదిలేస్తాడు. వట్టి గూడూరు వేరే ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అదే రోజు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. 2018 నుంచి 2023 దాకా తేదీ వరసలో ఉన్న ఫైలైతే హెడ్‌లో కందుకూరు పక్కన ప్రకాశం అని, టెయిల్‌లో నెల్లూరు అని ఉంటుంది. రెండూ సరైనవే. కానీ జిల్లా వారీగా విస్తీర్ణం గ్రాఫ్ వేస్తే 2022లో ప్రకాశంలో గుంటలు పోయినట్టు, నెల్లూరులో పెరిగినట్టు కనిపిస్తుంది. నేలలో ఏమీ మారలేదు, కాగితంలో గీత మారింది. ఏళ్ల తరబడి పోల్చాలంటే జిల్లా బదులు మండలం పట్టుకోండి.

తెలుగులో రాసిన ఫైళ్లకు ప్రత్యేకంగా మూడు సంగతులు. ఎక్సెల్ నుంచి దాచేటప్పుడు మామూలు సీఎస్వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్వీనే ఎంచుకోవాలి. అప్పటికే ప్రశ్నార్థకాలైతే ఏ ఎన్‌కోడింగ్ ఇచ్చినా తిరిగి రావు. రెండోది, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైప్ చేసినది హెడ్‌లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తుంది. అది ఎన్‌కోడింగ్ సమస్య కాదు, ఆ ఫాంటు యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చాకే పాండాస్‌కు ఇవ్వాలి.

మూడోది కంటికి కనపడదు. 'ఫీడ్‌' అనే మాట చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు ఒక గుప్త అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. హెడ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఆ కాలమ్ పేరుతో పిలిస్తే కీఎర్రర్ వస్తుంది, కళ్ల ముందే పేరు ఉన్నా లేదంటుంది. లిస్ట్(డీఎఫ్.కాలమ్స్) అని కొట్టండి. లిస్టులో చూపేటప్పుడు పైథాన్ ఆ గుప్త అక్షరాన్ని రివర్స్ స్లాష్, యు, 200సి అని బయటపెడుతుంది. పేరు చివర వదిలేసిన ఖాళీ కూడా కోట్స్ మధ్య తెలిసిపోతుంది. పేర్లలో ఆ అక్షరాన్ని రీప్లేస్‌తో తీసేసి, స్ట్రిప్ చేసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. మండలాల పేర్లకూ ఇదే చేయాలి, లేకపోతే ఒకే మండలం వాల్యూ_కౌంట్స్‌లో రెండుసార్లు వస్తుంది.

ఎక్సెల్ ఫైలును నేరుగా రీడ్_ఎక్సెల్‌తో తెరిస్తే కాలమ్ పేర్ల స్థానంలో 'అన్‌నేమ్డ్: 1', 'అన్‌నేమ్డ్: 2' అని వస్తుంటాయి. షీటు పైన శీర్షిక వరుసలున్నాయన్నమాట. అసలు పేర్లు మూడో వరుసలో ఉంటే హెడర్=2 ఇవ్వాలి, లెక్క సున్నా నుంచి కాబట్టి. మండలం పేరు ఒక వరుసలో ఉండి కింద నాలుగూ ఎన్ఏఎన్ ఉంటే అవి మెర్జ్ చేసిన సెల్స్. ఆ కాలమ్‌కు ఎఫ్‌ఫిల్ చేస్తే పై పేరు కిందికి దిగుతుంది. మెర్జ్ వల్ల వచ్చిన ఖాళీలకే అది వాడాలి. డీఓ కొలవని రోజుకు ముందురోజు విలువ దింపితే అబద్ధపు కొలత సృష్టించినట్టే.

కాలమ్‌లు ఎక్కువైతే నోట్‌బుక్ 20 వరకే చూపి మధ్యలో చుక్కలు పెడుతుంది. డిస్‌ప్లే.మాక్స్_కాలమ్స్‌ను నన్ చేస్తే అన్నీ వస్తాయి. దానికన్నా డీఎఫ్.హెడ్().టీ మేలు, పట్టిక నిలువుగా తిరిగి ప్రతి కాలమ్ ఒక వరుస అవుతుంది. టెర్మినల్‌లో తెలుగు కాలమ్‌లు వంకరటింకరగా కనిపించడం మామూలే. గుణింతాల వల్ల వెడల్పు లెక్క తప్పుతుంది, డేటాకు ఏమీ కాలేదు.

ఇతర చోట్ల ఇదే పని చేసేటప్పుడు సంఖ్యలు మారతాయి. ఆర్ భాషలో హెడ్ 6 వరుసలిస్తుంది, లినక్స్ హెడ్ కమాండ్ 10 లైన్లు, స్పార్క్‌లో షో 20 వరుసలు, అదీ ప్రతి విలువనూ 20 అక్షరాలకు కోసి. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-కంటెంట్‌కు టోటల్‌కౌంట్ 5 ఇస్తే పాండాస్ ముట్టుకోకముందు ఫైలు ఎలా ఉందో కనిపిస్తుంది. కామాలా, ట్యాబులా, కోట్స్ ఉన్నాయా అన్నది అక్కడే తేల్చుకోవాలి. ఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై లేకుండా లిమిట్ 5 ఇస్తే ఏ ఐదు వస్తాయో హామీ లేదు, నిన్న వచ్చినవి ఇవాళ రాకపోవచ్చు.

ఇంకొకటి. అర్థం కాని హెడ్ పట్టికను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి సలహా అడగడం అందరికీ అలవాటు. ఆ ఐదు వరుసల్లో ఐదుగురు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, సర్వే నంబర్లు ఉంటాయి. అడగబోయే ముందు డీఎఫ్.డ్రాప్(కాలమ్స్=[...]) తో ఆ కాలమ్‌లు తీసేసి, ఆపై హెడ్ కొట్టి, ఫొటో బదులు హెడ్().టు_డిక్ట్() ఇచ్చిన టెక్స్ట్ పంపండి. చూసేవాళ్లు దాన్ని తమ కంప్యూటర్‌లో అతికించుకుని పట్టికగా మార్చుకోవచ్చు. దాంతోపాటు డీటైప్స్ కూడా అతికించండి, సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.